ఊడదీసే కోడలు

అతుకుల మేస్త్రి పెట్టె లోపలినుంచి, "వెలుగు ఎక్కడా రావట్లేదురా. పని బ్రహ్మాండంగా వచ్చింది. ఇక తలుపు తియ్యి," అన్నాడు. బయట వెల్డింగు గన్ను పక్కన పెట్టేసి నిలబడ్డ కొడుకు ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. నాలుగు వైపులా రేకే. పైన రేకు, కింద రేకు. ఈసారి కాస్త నెమ్మదిగా ఇంకోసారి తిరిగి వచ్చి, గాలిగొట్టం దగ్గర నోరు పెట్టి, "ఏ తలుపు నాన్నా?" అని అడిగాడు.

లోపల మేస్త్రి నాలుగు వైపులా చేత్తో తడుముకుంటున్న చప్పుడు వినిపించింది.

ఇలాంటి పొరపాటు పని చేతకానివాళ్ళ వల్ల కాదు లెండి. చేతకానివాడు ఎక్కడో ఒకచోట సందు వదిలేస్తాడు, అందులోంచి తనే బయటపడతాడు. ఈ తండ్రీకొడుకులు అలాంటివాళ్ళు కాదు. రేకు బీరువాలు, రేకు ట్యాంకులు, రేకు పెట్టెలు చేసీ చేసీ చేతులు కాయలు కాసిన మనుషులు. రెండు రేకుల అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి గన్నుతో నొక్కితే, కరెంటు వేడికి శనగగింజంత మేర రెండూ కరిగి ఒకటైపోతాయి. దాన్నే స్పాటు అంటారు. బయటినుంచి గన్ను నొక్కేటప్పుడు లోపలినుంచి ఎవరో ఒకరు రాగి దిమ్మ ఆనించి పట్టుకోవాలి, లేకపోతే రేకు సొట్ట పోతుంది. ఆ రాగి దిమ్మని మేస్త్రి ఇంకొకరి చేతికి ఇవ్వడు. తనే లోపల కూర్చుని దిమ్మ ఆనించి, రేకు మీద ఒకసారి టక్ మనిపిస్తాడు. అంటే ఇక్కడ వెయ్యి అని. రెండుసార్లు టక్ టక్ మంటే పక్కకి జరుగు అని. కొడుకు ఆ చప్పుడు ఎక్కడ వినిపిస్తే అక్కడ గన్ను పెడతాడు. పని నడుస్తున్నంతసేపూ ఇద్దరి మధ్యా ఇంకో మాట ఉండదు.

ఈ పెట్టె దీపాలు పరీక్షించే ల్యాబువాళ్ళది. మనిషెత్తు, మూడడుగుల వెడల్పు, లోపలికి ఆవగింజంత వెలుగు కూడా రాకూడదు. గాలి కోసం మాత్రం మూడు వంపులు తిరిగిన ఒక గొట్టం. వాళ్ళు పంపిన డ్రాయింగులో తలుపు లేదు. మేస్త్రికి డ్రాయింగంటే డ్రాయింగే. అందులో గీసింది చెయ్యాలి, గీయనిది చెయ్యకూడదు, గీయనిదాని గురించి ఆలోచించకూడదు. పొద్దున్నే లోపలికి దూరి కూర్చుని, ఒక్కో వైపూ బిగించుకుంటూ వచ్చాడు. చీకట్లో చేతివేళ్ళతో పనిచెయ్యడం ఆయనకి అలవాటే. నాలుగో వైపు రేకు నిలబెట్టాక కూడా అదే ఊపులో ఒక్కొక్క చోటా టక్ మనిపించి, నలభై ఎనిమిది స్పాట్లు దగ్గరుండి వేయించుకుని, తనని తాను లోపల పెట్టేసుకున్నాడు.

పైగా పని అయ్యాక అరగంట చీకట్లో కదలకుండా కూర్చోవడం ఆయన పద్ధతి. కళ్ళు చీకటికి అలవాటు పడితే గాని సన్నటి వెలుగు కనబడదంటాడు. ఆ అరగంటా కొడుకు ఊరికే కూర్చోలేదు, పాపం. స్పాట్లన్నీ నున్నగా అరగదీసి, లప్పం పెట్టి, ఉప్పుకాగితం కొట్టి, బూడిదరంగు ప్రైమరు వేసేశాడు. ఇప్పుడు ఏ స్పాటు ఎక్కడుందో ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు.

చివరికి గొట్టంలోంచి మేస్త్రి గొంతు వచ్చింది. "మీ ఆవిణ్ణి రమ్మను," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "నేను రమ్మన్నానని చెప్పకు," అన్నాడు.

కోడలు అడ్డగోడకి అవతలే ఉంది. మొదటి మాటనుంచీ అన్నీ వింటూనే ఉంది. ఆ షెడ్డులో అందరూ అతికేవాళ్ళే, ఊడదీసేది ఆమె ఒక్కతే. కొలత తేడా వచ్చిన బీరువా కానీ, ఎక్కడో గుద్దుకున్న వ్యాను తలుపు కానీ, చివరికి ఆమె బల్ల మీదికి రావలసిందే. అందుకే చుట్టుపక్కల షెడ్లవాళ్ళు ఆమెని ఊడదీసే కోడలు అంటారు. వినడానికి ఎవరి సంసారమో ఊడదీసినట్టుంటుంది గాని, మంచి మనసుతోనే అంటారు.

అసలు గొడవంతా ఆ ఊడదీయడం దగ్గరే వచ్చింది. ఆమె కాపురానికొచ్చిన రెండో నెలలో మేస్త్రి ఒక నూనె ట్యాంకుకి అడుగు రేకు తిరగేసి అతికాడు. బతుకులో అదొక్కటే తప్పు అని ఆయనే ఒప్పుకుంటాడు. మొత్తం తొంభై స్పాట్లు. కొత్తకోడలు ఒక్క పూటలో తొంభై తీసి, ఏ రేకుకి ఆ రేకు విడదీసి పక్కన పెట్టింది. కింది రేకు మీద గీత కూడా లేదు. ట్యాంకు తాలూకు మనిషి వచ్చి, తిప్పి తిప్పి చూసి, ఇక్కడ అసలు వెల్డింగు చేశారా అని అడిగాడు. మెచ్చుకోలుగానే అడిగాడు, పిచ్చిమారాజు. మేస్త్రి మొహం మాడిపోయింది. తను వేసిన అతుకు ఆనవాలు లేకుండా పోయిందంటే, దాన్ని అతుకని ఎవరంటారు? ఆ సాయంత్రంనుంచి కోడలితో మాట మానేశాడు.

మానెయ్యడమంటే అలా ఇలా కాదు. ఇంట్లో ఉండేదే ముగ్గురు. భోజనాల దగ్గర మూరెడు దూరంలో కూర్చున్న కోడల్ని వదిలేసి, ఉప్పు తక్కువైందని చెప్పరా అని కొడుకుతో అంటాడు. ఆమెకి శుభ్రంగా వినబడుతుంది. అయినా కొడుకు ఆమె వైపు తిరిగి, ఉప్పు తక్కువైందట అంటాడు. రేపు సరిగ్గా వేస్తానని చెప్పండి అంటుంది ఆమె. రేపు సరిగ్గా వేస్తుందట నాన్నా అంటాడు అతను. ఇలా మూడేళ్ళు. ఒకసారి అతనికి గొంతు పూడుకుపోయి నాలుగు రోజులు మాట రాకపోతే, ఆ ఇంట్లో ఎవరికీ ఏ సంగతీ తెలియలేదు. మామగారికి జ్వరం వచ్చిందని పక్కింటావిడ చెబితే గాని కోడలికి తెలియలేదు.

ఈ మూడేళ్ళలో ఆమెకి అలవాటు కానిది అదొక్కటే. పని ఎంతైనా చేస్తుంది, ఎవరేమన్నా పడుతుంది. కానీ ఒకే కప్పు కింద బతుకుతూ, కుర్చీనో బల్లనో తప్పుకుని వెళ్ళినట్టు ఆయన తనని తప్పుకుని వెళ్ళిపోతుంటే మాత్రం ఓర్చుకోలేకపోయేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన తన మొహం చూసి ఏదో ఒక మాట అంటే చాలు. అంతకుమించి ఆమె ఆ ఇంట్లో ఏదీ కోరుకోలేదు.

తన పనిముట్ల రేకుడబ్బా చంకలో పెట్టుకుని వచ్చింది. పెట్టె చుట్టూ తిరిగి, అరచేత్తో తడిమి చూసింది. ఎక్కడా చేతికి తగల్లేదు. ఇంత శ్రద్ధగా పనిచెయ్యమని మిమ్మల్ని ఎవరు బతిమాలారని మొగుణ్ణి అడిగింది. అతను బిక్కమొహం వేశాడు.

"స్పాట్లు ఎక్కడెక్కడున్నాయో లోపలున్నవాళ్ళకే తెలుస్తుంది," అంది ఆమె, గొట్టంలోకి వినబడేటంత గట్టిగా. "మామయ్యగారిని నాతో చెప్పమనండి. తీస్తాను."

కొడుకు ఆ మాట గొట్టంలోకి మోశాడు. నీకు చెబుతాను, నువ్వు చెప్పు అని లోపలినుంచి జవాబు వచ్చింది. అలా కుదరదంది ఆమె. మధ్యలో మనిషుంటే మిల్లీమీటర్లు మిగలవు, డ్రిల్లు బిట్టు ఒక్క మిల్లీమీటరు పక్కకి పడ్డా జారిపోయి కింది అంచుని తినేస్తుంది అంది. మాట నిజమే. గొడవ మాత్రం మిల్లీమీటర్ల గురించి కాదని ముగ్గురికీ తెలుసు.

అయితే అక్కర్లేదని చెప్పు, నా కొడుక్కి చేతులున్నాయి అన్నాడు మేస్త్రి.

కొడుక్కి చేతులైతే ఉన్నాయి. ముందు కటింగు చక్రం బిగించి గ్రైండరు ఎత్తాడు. అది రేకుకి తగిలీ తగలకముందే లోపల మేస్త్రి లబలబలాడాడు. చెవులు పగిలిపోతున్నాయట. అదలా ఉంచి, ఆ చక్రానికి పై రేకేదో కింది రేకేదో తెలుస్తుందట్రా, అంచు కోసేస్తే మళ్ళీ మూసినప్పుడు వెలుగు రాదట్రా అని కేకలేశాడు. సరేనని గ్రైండరు పక్కన పెట్టి ఉలీ సుత్తీ అందుకున్నాడు. నాలుగు దెబ్బలకి లప్పం పెచ్చులూడింది, రేకు అల్లం కొమ్ములా వంకరపోయింది, స్పాటు మాత్రం ఊడలేదు. లోపల మనిషినుంచుకుని డోలు వాయిస్తున్నావేమిట్రా అన్నాడు తండ్రి.

మూడోసారి డ్రిల్లు తీసి, మామూలు బిట్టు బిగించాడు. మామూలు బిట్టుకి సూది మొన ఉంటుంది. ఆ మొన పై రేకు దాటేసరికే కింది రేకులో దిగబడి ఉంటుంది. ఇది ఆమె అతనికి వందసార్లు చెప్పింది. అతను వందసార్లూ తల ఊపాడు. ఇప్పుడు అంచనాగా ఒకచోట పెట్టి బరువంతా వేసి నొక్కాడు. అక్కడ స్పాటే లేదు. బిట్టు రెండు రేకుల్నీ సర్రున దాటి, దాన్ని బిగించిన చక్కు వచ్చి రేకుకి కొట్టుకుంది.

కొడుకు గబుక్కున డ్రిల్లు వెనక్కి లాగేశాడు.

"వెలుగొచ్చిందిరా," అన్నాడు మేస్త్రి. ఎవరో పోయారన్న కబురు చెప్పినట్టు చెప్పాడు. తను లోపల ఇరుక్కున్నందుకు ఆయన ఒక్క నిట్టూర్పు విడిచినవాడు కాదు. ఆ కాస్త వెలుగుని మాత్రం భరించలేకపోయాడు. బొటనవేలు దానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బయట కోడలి ప్రాణం గిలగిల్లాడింది. ఒక మంచి రేకుని అలా చెడగొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఆమెకి ఎప్పుడూ రాలేదు. అయినా పళ్ళు బిగబట్టి నిలబడింది. ఇవాళ కూడా తనే తగ్గితే, ఇక ఈ జన్మకి ఆయన నోరు విప్పడని ఆమె భయం.

సరిగ్గా అప్పుడే లారీ వచ్చింది. నాలుగింటికి రావలసిన ల్యాబు ఆయన రెండింటికే దిగాడు. మెడలో వెలుగు కొలిచే మీటరు, చేతిలో అట్టకి తగిలించిన కాగితాలు. కొడుకు నీళ్ళు నములుతూ సంగతి చెప్పాడు. ల్యాబు ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. గొట్టం దగ్గరికి వెళ్ళి, లోపల వెలుగేమైనా ఉందా అని మర్యాదగా అడిగాడు. ఒక్కచోట ఉంది, వేలు అడ్డం పెట్టానని జవాబు వచ్చింది. అయితే లేనట్టే అని ఆయన కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. గాలి? వస్తోంది. తేమ? లేదు, కొంచెం చెమట. అదీ రాసుకున్నాడు. ఇన్నేళ్ళలో అడిగినదానికి జవాబు చెప్పిన పెట్టె ఇదొక్కటేనని చాలా సంతోషపడ్డాడు.

తలుపు సంగతేమిటని కోడలు అడిగింది. తలుపు తామే అక్కడ కోసుకుంటామని, అందుకే డ్రాయింగులో గీయలేదని ఆయన చెప్పాడు. గ్యాసు మంటతో రెండు నిమిషాల పనట. లోపల మనిషున్నాడండీ అని ఆమె గుర్తు చేసింది. ఆయన మళ్ళీ గొట్టం దగ్గరికి వెళ్ళి, మీకేమైనా తొందరుందా అని అడిగాడు.

"నాకేం తొందర లేదు," అన్నాడు మేస్త్రి. "డ్రాయింగు ప్రకారం చేశాం, డ్రాయింగు ప్రకారమే వెళ్తుంది. ఎక్కించండి."

బరువు కాస్త ఎక్కువ ఉంటుందని రాసుకుని, క్రేను రావడానికి రెండు గంటలు పడుతుందని చెప్పి, ల్యాబు ఆయన నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషికి తనతో ఒక్క మాట మాట్లాడటం కన్నా గ్యాసు మంటలో మాడటమే నయంగా ఉందా? ఆ కోపంలోనే ఏడుపు కూడా వచ్చేసింది. పమిటతో మొహం తుడుచుకుంది. వెళ్తే వెళ్ళనీ అనుకుని తన బల్ల దగ్గరికి నాలుగడుగులు వేసింది కూడా. అయిదో అడుగు పడలేదు. పంతం పోతే పోయింది, మనిషి పోతే ఎలా? వెనక్కి వచ్చి, నాలుగో వైపు రేకు ముందు నిలబడి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. టక్ టక్. పక్కకి జరుగు అని.

మళ్ళీ కొట్టింది.

చాలాసేపటికి పైన ఎడమ మూల, లోపలినుంచి ఒక్క టక్.

"నాన్న టక్ మన్నాడు," అన్నాడు మొగుడు ఆమె వైపు తిరిగి. విన్నాను లెండి అంది ఆమె. ఇది మాట కాదని ఆమెకి తెలుసు. కానీ మాట కాకపోయినా ఆ టక్ తనకే వేసినది. కొడుకు చేతిలో గన్ను లేదని, బయట రేకు మీద కొట్టింది ఎవరో ఆ లోపలున్న మనిషికి బాగా తెలుసు.

రేకుడబ్బా మూత తీసింది. అందులో ఆమె సొంత బిట్టులున్నాయి. మొనలన్నీ తనే సాన మీద పెట్టి చదును చేసుకుంది, నడుమ నూకగింజంత ముల్లు మాత్రం వదిలింది. ఆ ముల్లు జారకుండా పట్టుకుంటుంది, చదును అంచు పై రేకుని మాత్రమే గుండ్రంగా తినుకుంటూ పోతుంది. టక్ విన్నచోట పంచ్ అనే మొనదేలిన ఉలి ఆనించి చిన్న గుంట కొట్టింది. ఒక చుక్క నూనె. డ్రిల్లు మెల్లగా, నిటారుగా, భుజం బరువుతో. ముందు తెల్లటి రజను చుట్టలు చుట్టలుగా లేస్తుంది. రెండు రేకుల మధ్య మేస్త్రి పూసిన నల్లటి జిగురు ఉంటుంది. రంధ్రం అడుగున నల్లటి ఉంగరం కనబడిందా, చెయ్యి ఆగిపోవాలి. ఇంకొక్క చుట్టు తిరిగినా కింది అంచుకి గాయం. చెయ్యి ఆగింది. గాయం లేదు. రేపు ఈ రంధ్రాల్లోంచే బయటినుంచి మళ్ళీ అతుకు నింపుకోవచ్చు, అప్పుడు లోపల ఎవరూ కూర్చోనక్కర్లేదు.

టక్ టక్ మని లోపలే జరిగింది ఆ చప్పుడు. మళ్ళీ ఒక టక్. ఆమె డ్రిల్లు. అలా పది స్పాట్లదాకా ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకుండానే సాగింది. పదకొండోదాని దగ్గర ఆమె పంచ్ ఆనించగానే, లోపలినుంచి కాస్త ఎడంగా ఇంకో టక్ వచ్చింది. అక్కడ కాదు, ఇక్కడ అని. ఆమె వెంట్రుకవాసి జరిపింది. ఒప్పుకున్నట్టు లోపల నిశ్శబ్దం. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ రేకు వెనకాల ఆయన వేలు ఆనించి వేడి చూస్తున్నాడని ఆమెకి అర్థమైంది. తన చేతికీ ఆయన వేలికీ మధ్య ఒక్క రేకు మందం. మూడేళ్ళలో ఇంత దగ్గరగా ఎప్పుడూ లేరు.

మూలల దగ్గర రెండేసి స్పాట్లు కలిసిపోయి వెడల్పుగా ఉన్నాయి. అక్కడికి ఆ బిట్టు చాలదు. ఉంగరానికి పళ్ళు మొలిచినట్టుండే కట్టరు తీసింది. అది స్పాటు చుట్టూ గిరి గీసినట్టు కోసి, నడిమి గింజని అలాగే వదిలేస్తుంది. ఒక్కటే దాని చెడ్డగుణం, కొంచెం ఒరిగితే పళ్ళు రాలిపోతాయి. అందుకని దాన్ని ఆమె మూలలకి తప్ప తియ్యదు. కోసిన మేరకి సన్నటి బ్లేడు జొనిపి, నల్లటి జిగురుని విడదీసుకుంటూ వచ్చింది.

మొగుడు గొట్టం దగ్గర అలాగే నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, మొయ్యడానికి ఒక్క మాటా దొరకలేదు. ముప్ఫయ్యో స్పాటు అయ్యాక లోపలినుంచి టక్ టక్ టక్ మని మూడుసార్లు వినిపించింది. మూడంటే ఏమిటని ఆమె అడిగింది. పుట్టి బుద్ధెరిగాక మూడు ఎప్పుడూ వినలేదన్నాడు అతను. హడావిడిగా గొట్టంలో అడిగాడు. మూడంటే మంచినీళ్ళట, ఇప్పుడే పెట్టాడట. సన్నటి రబ్బరు గొట్టం లోపలికి దూర్చి నీళ్ళు పోశారు. పెట్టె ఒకసారి తేన్చింది.

నలభై ఆరు. నలభై ఏడు. కుడివైపు కింది మూలకి పైన ఒక్కటి మిగిలింది. అప్పుడే గేటు దగ్గర క్రేను హారను వినబడింది. ల్యాబు ఆయన లేచాడు, క్రేనుని కాసేపు ఆపడానికి మొగుడు పరుగెత్తాడు. షెడ్డులో ఆమె, పెట్టె మిగిలారు.

నలభై ఎనిమిదో టక్ రాలేదు.

మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించింది. రెండుసార్లు కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. ఇంత ఎండవేళ, ఇంత సేపు, ఆ వయసులో మనిషి. లేచి గొట్టం దగ్గరికి వెళ్ళి, మొట్టమొదటిసారి తన నోరు దానికి ఆనించి, "మామయ్యగారూ," అంది. "మీ అబ్బాయి ఇక్కడ లేడు. గేటు దగ్గరున్నాడు. నేనొక్కదాన్నే ఉన్నాను."

"ఆ ఒక్కటీ ఉంచెయ్యి," అంది గొట్టం.

అలవాటు కొద్దీ ఆమె మొగుడి కోసం వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"ఎందుకండీ?"

"అది తీస్తే బయటికి రావాలి."

"రావాలి కదండీ మరి."

గొట్టంలో ఊపిరి తియ్యడం వినిపించింది. "వచ్చి ఏం మాట్లాడను అమ్మాయ్? మొదట్లో నాలుగు రోజులకే మానేద్దామనుకున్నా. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. నెలైంది, ఏడాదైంది. రోజులు గడిచేకొద్దీ, ఇక నోరు విప్పితే ఏదో పెద్ద మాటే అనాలి గాని లేకపోతే బాగుండదనిపించింది. అంత పెద్ద మాట నా దగ్గర లేదు. ఎంత వెతుక్కున్నా దొరకలేదు."

ఆమెకి కళ్ళు మసకలు కమ్మాయి. ఈ మూడేళ్ళూ తన మీద అసహ్యంతో ఆయన నోరు మూసుకున్నాడనుకుంది. లోపల కూర్చుని మాట వెతుక్కుంటున్నాడని కల్లో కూడా అనుకోలేదు.

"చిన్నది చాలు మామయ్యగారూ," అంది. "ఏదైనా సరే. ఎంత చిన్నదైనా సరే."

క్రేను షెడ్డు ముందుకి వచ్చి ఆగిన చప్పుడైంది. జనం మాటలు దగ్గర పడ్డాయి. అప్పుడు కింద కుడి మూల, ఆమె మోకాలి ఎత్తున, టక్ మంది.

ఆమె పంచ్ ఆనించి కొట్టింది, నూనె వేసింది, నల్లటి ఉంగరం కనబడేదాకా దింపి ఆపింది. బ్లేడు జొనిపి లాగితే రేకు ఒక్కసారి ఊపిరి వదిలినట్టు విడివడింది. మొగుడు పరుగెత్తుకొచ్చి అవతలి అంచు పట్టుకున్నాడు, ఇద్దరూ ఎత్తి పక్కన పెట్టారు. లోపల మేస్త్రి మోకాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో రాగి దిమ్మ పెట్టుకుని, ఇంకా బొటనవేలు ఆ తప్పు రంధ్రం మీద నొక్కి పట్టి కూర్చుని ఉన్నాడు. ఒంటినిండా చెమట. వెలుగుకి కళ్ళు చికిలించి, మెల్లగా బయటికి వచ్చాడు.

అందరూ మూగారు. క్రేను మనిషి పెట్టెలోంచి మనిషి దిగడం చూసి నోరు తెరిచాడు. ల్యాబు ఆయన కాగితం మీద రాసుకున్న ఎక్కువ బరువు కొట్టేశాడు. మొగుడు ఎప్పటిలాగే వెళ్ళి తండ్రికీ పెళ్ళానికీ మధ్య నిలబడి, అటూ ఇటూ చూస్తూ సిద్ధంగా ఉన్నాడు.

మేస్త్రి ఎవరినీ చూడలేదు. పెట్టె అంచు దగ్గర వంగి, పైనుంచి కిందికి వేలు రాసుకుంటూ వచ్చాడు. నలభై ఎనిమిది గింజలు, చుట్టూ నున్నటి రేకు. సగం దాటాక ఒకచోట వేలు ఆపాడు. తలెత్తి కోడలి మొహంలోకి చూశాడు.

"ఏమిటిది?" అన్నాడు. "ఇక్కడ పావు మిల్లీమీటరు ఎక్కువ దింపావు. కళ్ళు ఎక్కడ పెట్టుకుని పనిచేస్తున్నావ్?"

మొగుడు ఆమె వైపు తిరిగాడు. "ఇక్కడ పావు మిల్లీమీటరు..." అని మొదలెట్టాడు.

"నీతో కాదురా," అన్నాడు మేస్త్రి. "అమ్మాయితో మాట్లాడుతున్నా."

ఆమె ఆయన పక్కన వంగింది. ఆయన వేలు పెట్టినచోట రేకు అద్దంలా ఉంది. గీత లేదు, నొక్కు లేదు, ఏమీ లేదు. ఉండదని ఆమెకి ముందే తెలుసు. కళ్ళనీళ్ళు బొటబొటా ఆ రేకు మీదే పడ్డాయి.

"దిగలేదు మామయ్యగారూ," అంది.

"దిగింది."

"దిగలేదు. కావాలంటే గోరు పెట్టి చూడండి."

ఆయన గోరు పెట్టి చూశాడు. ఇంకాస్త కింద పెట్టి చూశాడు. ఇక ఎక్కించమంటారా అని ల్యాబు ఆయన రెండుసార్లు అడిగాడు. మామా కోడలూ ఆ అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పొద్దు వాలేదాకా, లేని గీత కోసం పోట్లాడుకున్నారు.